కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అంటే ఏమిటి? నీలం పలుకులూ తెల్ల పొడీ ఒకటేనా?

ద్రాక్షపందిరి (బాణసవాడి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. మా మేడ మీద పెద్ద తొట్లలో బెంగళూరు బ్లూ ద్రాక్ష పెంచుతున్నాను. ఈ వానలకు ఆకు పైన నూనె పడ్డట్టు పసుపు మచ్చలు వచ్చాయి. తిప్పి చూస్తే అడుగున తెల్లగా దూదిలాంటి బూజు. నర్సరీ అతనికి ఒక ఆకు తెంపి చూపిస్తే, "బోర్డో మిశ్రమం కొట్టండమ్మా, లీటరుకు పది గ్రాములు కాపర్ సల్ఫేట్, పది గ్రాములు సున్నం" అన్నాడు.

చిక్కు ఇక్కడే వచ్చింది. నేను ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను, అది తెలియక మావారు కేఆర్ మార్కెట్ దగ్గర పురుగుమందుల కొట్లో ఇంకో ప్యాకెట్టు తెచ్చారు. ఆయన తెచ్చినవి ముదురు నీలం పలుకులు. ఆన్‌లైన్‌లో వచ్చింది కాస్త బూడిద రంగు కలిసిన తెల్ల పొడి. రెండింటి మీదా కాపర్ సల్ఫేట్ అనే ఉంది. నీలం దాని మీద పక్కన పెంటాహైడ్రేట్ అనీ, తెల్లదాని మీద అన్‌హైడ్రస్ అనీ రాశారు. ఏది వాడాలి? ఏది వాడినా పది గ్రాములేనా?

మా అమ్మాయి పదో తరగతి. వాళ్ల పుస్తకంలో సీయూఎస్ఓ4, దాని పక్కన చుక్క, చుక్క తరవాత 5హెచ్2ఓ అని ఉంది. "పలుకు ముట్టుకుంటే పొడిగానే ఉంది కదమ్మా, ఇందులో అయిదు నీళ్లు ఎక్కడున్నాయి?" అని నన్ను పట్టుకుంది. నేను కామర్స్ చదివాను, దానికి సరిగ్గా చెప్పాలని ఉంది.

ఇంకో సంగతి. మా తాతగారు పుస్తకాలకు అట్టలు వేసే జిగురులో మైలుతుత్తం కలిపేవారు. విషమని మమ్మల్ని దాని దరిదాపుల్లోకి రానిచ్చేవారు కాదు. ఇది అదేనా? అదే అయితే తినే పండున్న తీగకు కొట్టాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బీటీఎం_లేఅవుట్:

రెండూ ఒకటేనండి. అన్‌హైడ్రస్ అంటే కాస్త ప్యూర్ అన్నమాట. ఏదైనా పది గ్రాములు వేసేయండి.

పీణ్య_ప్లేటింగ్:

అమ్మా, దయచేసి అలా వేయకండి. పైన రాసినవారు సాయం చేద్దామనే రాశారు, కానీ ఆ లెక్కతో వేస్తే మీ లేత ఆకులు మాడతాయి.

నేను పీణ్యలో చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ షాపు, అంటే కరెంటుతో వస్తువులకు లోహపు పూత వేసే షాపు నడుపుతున్నాను. మాది చింతామణి పక్క పల్లె, ఇంట్లో తెలుగే. మా నాన్నగారికి ద్రాక్ష తోట ఉండేది, మీరు పెంచే రకమే. ఈ నీలం పలుకులు చిన్నప్పుడు తోటలో డ్రమ్ముల్లో చూశాను, ఇప్పుడు షాపులో ట్యాంకుల్లో చూస్తున్నాను. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పాపకు జవాబు. పలుకులో నీళ్లున్నాయి, కానీ తడిగా లేవు. తడి అంటే పైన అంటుకుని ఉండే నీరు, గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది అలాంటిది కాదు. పలుకు కట్టుకునేటప్పుడే ఒక్కో రాగి సల్ఫేటుకు అయిదేసి నీటి అణువులు లెక్కగా అందులో స్థానం తీసుకున్నాయి. నాలుగా ఆరా అని మారదు, ఎప్పుడూ అయిదే. దాన్నే వాళ్ల పుస్తకంలో స్ఫటిక జలం అంటారు. పెంటా అంటే అయిదు, హైడ్రేట్ అంటే నీటితో కూడినది, అన్‌హైడ్రస్ అంటే ఆ నీళ్లు లేనిది. ఆ నీలం రంగు కూడా రాగిని అంటిపెట్టుకున్న ఆ నీటి వల్ల వచ్చిందే.

స్కూలు ల్యాబులో టీచరు దగ్గరుండి చేయిస్తే పాప కళ్లారా చూడొచ్చు. పొడి పరీక్షనాళికలో నాలుగు పలుకులు వేసి, మూతి కాస్త కిందికి వంచి పట్టుకుని సన్నమంట మీద వేడిచేయాలి. కాసేపటికి నీలం పాలిపోతూ వస్తుంది, పలుకు నిగనిగ పోయి పిండిలా రాలుతుంది. అదే సమయంలో నాళిక మూతి దగ్గర చల్లటి గాజు మీద సన్నటి నీటి బొట్లు కూడతాయి. ఆ బొట్లే అమ్మాయి అడిగిన నీళ్లు. మూతి వంచమనేది ఎందుకంటే, ఆ బొట్లు వెనక్కి జారి కాలుతున్న గాజు మీద పడితే నాళిక పగులుతుంది. చల్లారాక ఆ తెల్ల పొడి మీద ఒక్క చుక్క నీరు వేస్తే మళ్లీ నీలం వస్తుంది, వేలికి వెచ్చగా తెలుస్తుంది. వంటింట్లో, వంట గిన్నెల్లో మాత్రం ఈ పని చేయించకండి.

ఇక అసలు సంగతి, తూకం. పుస్తకంలోని పరమాణు భారాలు తీసుకుంటే రాగి 63.5, గంధకం 32, ఆక్సిజన్లు నాలుగూ కలిపి 64. మొత్తం 159.5. అయిదు నీళ్లు, ఒక్కోటి 18 చొప్పున 90. కలిపితే 249.5. అంటే నీలం పలుకులు వంద గ్రాములు తూచితే అందులో 36 గ్రాములు నీళ్లే. రాగి పాతిక గ్రాములు చిల్లర. అదే తెల్లపొడి వంద గ్రాముల్లో రాగి దాదాపు 40 గ్రాములు. చుక్క తరవాత రాసింది పరీక్షలో మార్కుల కోసం కాదు, త్రాసులో బరువు కోసం. తోటలోనైనా షాపులోనైనా మేం రోజూ డబ్బు పెట్టి కొనేది, మోసేది, కొలిచేది ఆ అయిదు నీళ్లతో కలిపే.

మీ నర్సరీ అతను చెప్పిన పది గ్రాములు నీలం పలుకుల లెక్క. తెలుగులోగానీ కన్నడంలోగానీ ఏ వ్యవసాయ పుస్తకం తెరిచినా కాపర్ సల్ఫేట్ ఇంత అని ఉంటే అది పలుకుల లెక్కే. తెల్లపొడి పది గ్రాములు వేస్తే పలుకులు పదిహేనున్నర గ్రాములు వేసినట్టు. లెక్క ప్రకారం తెల్లది 6.4 గ్రాములు చాలు. కానీ ఆ లెక్కను కూడా నమ్మకండి. తెల్లపొడి గాలిలో తేమను లాక్కుంటుంది, ప్యాకెట్టు విప్పిన దగ్గర్నుంచి దాని బరువు మారుతూ ఉంటుంది. బెంగళూరు వానాకాలంలో మరీను. తోటకు నీలం పలుకులే వాడండి. తెల్లదాన్ని బిగుతు మూత సీసాలో పోసి స్కూలు ల్యాబుకు ఇచ్చేయండి. ఏదైనా ద్రవంలో నీళ్లు కలిశాయా లేదా అని చూడ్డానికి వాళ్లకు పనికొస్తుంది. నీరు తగిలితే నీలం తిరుగుతుంది కదా.

మైలుతుత్తం అన్నది ఇదే. తాతగారు భయపెట్టింది న్యాయమే. మింగితే కడుపు, లివరు, కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం మీదికే వస్తుంది. చూడ్డానికి అందంగా మిఠాయిలా ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన చోటే ఉంచాలి.

మరి ద్రాక్షకు కొట్టొచ్చా అంటే, కొట్టొచ్చు. అసలు ఈ మందు పుట్టిందే ద్రాక్ష తోటలో. ఫ్రాన్సులో బోర్డో పక్కన మెడాక్ ప్రాంతంలో దారినపోయేవాళ్లు పళ్లు కోసుకుపోకుండా రోడ్డు వార తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలంగా, అసహ్యంగా కనిపిస్తే ఎవరూ ముట్టరని. 1882లో బూజు తెగులు తోటల్ని ఊడ్చేస్తుంటే, రోడ్డు వార తీగలు మాత్రం పచ్చగా నిలబడి ఉండటం మిల్లార్డే అనే ప్రొఫెసరు గమనించాడు. పరిశోధించి 1885లో ప్రకటించాడు. మన దగ్గర మైసూరు సంస్థానంలో పనిచేసిన లెస్లీ కోల్మన్ అనే కెనడా శాస్త్రవేత్త 1910 ప్రాంతంలోనే కర్ణాటక కొండసీమ మలెనాడులో వక్క తోటల కొళె రోగానికి, అంటే వక్క కాయలు కుళ్లే తెగులుకు, ఈ మందు వాడించాడు. ఇప్పటికీ వానలు ముదరకముందే అక్కడ వక్క గెలలకు ఇదే కొడతారు.

కలపడం ఇలా. ప్లాస్టిక్ బకెట్లు రెండు తీసుకోండి. ఇనుము, జింకు పూత బకెట్టు, అల్యూమినియం వద్దే వద్దు. ఒకదాంట్లో అర లీటరు నీళ్లలో పది గ్రాముల పలుకులు. పెద్దవైతే గుడ్డలో మూటకట్టి నీళ్లలో వేలాడదీయండి, తొందరగా కరుగుతాయి. రెండోదాంట్లో అర లీటరు నీళ్లలో పది గ్రాముల కొత్త పొడి సున్నం కలిపి వడకట్టండి. తరవాత నీలం నీళ్లను సున్నం నీళ్లలోకి సన్నగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. సున్నాన్ని నీలం నీళ్లలో పోయకూడదు. మంచి ఆకాశం రంగులో పలచటి మజ్జిగలా వస్తుంది.

ఆ తరవాత పరీక్ష. మా నాన్నగారు కొడవలిని రాయి మీద రుద్ది మెరిసే మొనను డ్రమ్ములో ముంచి ఒక్క నిమిషం ఆగి తీసేవారు. మొన మీద ఎర్రటి రాగి జీర కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త సున్నపు నీరు పోయించేవారు. మొన తెల్లగా మెరుస్తూ వస్తేనే పంపు పట్టుకోనిచ్చేవారు. మీరు కొత్త బ్లేడుతో చూడండి. ఇనుము తగలగానే సున్నంతో కలవకుండా మిగిలిన రాగి దాని మీదికి ఎక్కేస్తుంది, ఆ మిగిలిన రాగే ఆకును మాడ్చేది. సున్నం పాతబడి గాలికి సుద్దలా మారిపోయి ఉంటే తూకం సరిగ్గా వేసినా పని చేయదు. అందుకే ఈ పరీక్ష ఎగ్గొట్టకండి.

కలిపిన రోజే వాడేయాలి. వాన లేని పొద్దున, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. పూత మీద, చిగుళ్ల మీద వద్దు. కాయ రంగు తిరిగాక వద్దు, గుత్తుల మీద తెల్లటి మరక దిగిపోతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. కాయలు కోసినప్పుడు బాగా కడగండి.

మీరు చెప్పిన గుర్తులు బూజు తెగులువే. ఆకు పైన బూడిద చల్లినట్టు ఉండేది బూడిద తెగులు, అది వేరు, దానికి గంధకం మందు. నర్సరీకి ఆకు తీసుకెళ్లి చూపించారు చూడండి, చాలా మంచి పని చేశారు.

అవెన్యూ_రోడ్_బైండర్:

జిగురు సంగతి నేను చెప్తాను. మాది మూడు తరాల బైండింగ్ పని. మైదాను నీళ్లలో ఉడికించి దించేముందు మైలుతుత్తం వేడినీళ్లలో కరిగించి కాస్తంత పోస్తాం. జిగురు లేత ఆకుపచ్చగా తిరుగుతుంది. అది వేస్తే జిగురు పులిసిపోదు, బూజు పట్టదు, బొద్దింకలూ వెండిపురుగులూ పుస్తకం వెన్ను కొరకవు. కోర్టు రికార్డులు, బ్యాంకు లెడ్జర్లు బైండు చేసేటప్పుడు ఇది లేకుండా చేసేవాళ్లం కాదు. ఎక్కువ పోస్తే మాత్రం కాయితం అంచు పచ్చబారి పెళుసవుతుంది. ఇప్పుడు చాలామంది డబ్బాల్లో వచ్చే తెల్ల గమ్ముకు మారారు.

జయనగర్_ల్యాబ్:

రక్తనిధిలో టెక్నీషియన్‌ని. పీణ్య గారు తూకం గురించి చెప్పింది మా పనిలోనూ అక్షరాలా నిజం.

రక్తదానానికి వచ్చినవాళ్లకు హిమోగ్లోబిన్ సరిపడా ఉందో లేదో చూడ్డానికి ఈ నీలం ద్రావణమే వాడుతూ వచ్చారు. ద్రావణం సాంద్రత 1.053 ఉండేలా తయారుచేస్తారు. వేలి నుంచి తీసిన రక్తపు బొట్టును పైనుంచి వదిలితే, ద్రావణం తగలగానే బొట్టు చుట్టూ రాగి, ప్రోటీను కలిసిన పొర ఏర్పడుతుంది. బొట్టు కొన్ని క్షణాలపాటు విడిపోకుండా గుండ్రంగా నిలుస్తుంది. నేరుగా అడుక్కి దిగితే నూరు మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టే, దానం చేయొచ్చు. మధ్యలో ఆగి పైకి తేలితే తక్కువ. కచ్చితమైన మెషిన్లు వచ్చినా క్యాంపుల్లో చవగ్గా, త్వరగా అయ్యేది ఇదే. ద్రావణానికి పలుకుల బదులు తెల్లపొడి అదే తూకంలో వేస్తే సాంద్రత పెరిగిపోతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా వెనక్కి పంపేస్తాం.

షుగరు పరీక్ష కూడా. ఇప్పుడంటే గ్లూకోమీటర్లు వచ్చాయి గానీ, ఒకప్పుడు బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి వేడిచేసేవారు. నీలం అలాగే ఉంటే షుగరు లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు దాకా వెళ్తే అంతకంతకూ ఎక్కువ. ఆ నీలం ఈ కాపర్ సల్ఫేటుదే. పాపకు ఇంటర్ బయాలజీ ల్యాబులో మళ్లీ కనిపిస్తుంది.

బీటీఎం_లేఅవుట్:

పీణ్య గారూ, వివరంగా చెప్పినందుకు థ్యాంక్స్. నా జవాబును పట్టించుకోవద్దని అందరికీ మనవి. ఒక డౌటు. మా అపార్ట్‌మెంటులో చిన్న తామర కొలను ఉంది, చేపలున్నాయి. పాచి బాగా పట్టింది. ఇది వేస్తే పాచి పోతుందని వాచ్‌మన్ అంటున్నాడు, వేయొచ్చా?

పీణ్య_ప్లేటింగ్:

వద్దు బాబూ. పాచి పోతుంది, నిజమే, దాంతోపాటు చేపలూ పోతాయి. మనిషికి లెక్కలోకి రానంత రాగి కూడా చేప మొప్పలు తట్టుకోలేవు. నీరు మెత్తనిదైతే, అంటే సున్నపు అంశం తక్కువుంటే, ఇంకా ప్రమాదం. పైగా పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రాగికి తట్టుకున్న చేపలు కూడా దానికి తట్టుకోవు. మనుషుల్ని పెట్టి పాచి తీయించండి, కొలనుకు కాస్త నీడ కల్పించండి, చేపలకు మేత తగ్గించండి.

ద్రాక్షపందిరి:

పీణ్య గారూ, మీరు చెప్పినట్టే చేశాను. బ్లేడు మీద మొదటిసారి ఎర్ర జీర వచ్చింది, సున్నం పాతదని అర్థమైంది. కొత్త సున్నం తెచ్చి కలిపితే రెండోసారి మెరుస్తూనే వచ్చింది. పాపకు ఆ బ్లేడు చూపిస్తే ఒకటే సంబరం. మిగిలిన మందు డ్రెయిన్‌లో పోసేయొచ్చా? మీ షాపులో ఈ నీళ్లు ఏం చేస్తారు? పాపది ఇంకో ప్రశ్న కూడా ఉంది. ప్లస్ గుర్తు పెట్టకుండా చుక్క ఎందుకు పెట్టారు అంటోంది.

పీణ్య_ప్లేటింగ్:

డ్రెయిన్‌లో పోయకండమ్మా. మన ఊళ్లో వాన నీటి కాలువలు చివరికి రాజకాలువల్లో కలుస్తాయి, రాజకాలువలు చెరువుల్లోకి వెళ్తాయి. లీటరుకు పది గ్రాముల పలుకులు కరిగిన నీళ్లలో రాగి 2500 మిల్లీగ్రాములు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వదిలే నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. అంటే ఆ ఒక్క లీటరును ఆ హద్దు లోపలికి తేవాలంటే ఎనిమిది వందల లీటర్ల పైచిలుకు మంచినీళ్లు కావాలి. సున్నం కలిపాక రాగి చాలావరకు ముద్దగా కట్టి అడుగున కూర్చుంటుంది నిజమే, కానీ ఆ ముద్ద కూడా కాలువలోకి పోకూడదు. మిగిలింది తీగ ముదురు కాండానికి, కత్తిరించిన కొమ్మల కోతలకు బ్రష్షుతో పూసేయండి. ఈసారి అర లీటరే కలపండి. ఏటా అదే తొట్టికి అదే పనిగా కొట్టినా మట్టిలో రాగి పేరుకుంటుంది, వానపాములు నిలవవు. యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కేజీల రాగి మించకూడదని పరిమితి పెట్టింది ఇందుకే.

మా షాపులో ఆమ్లపు రాగి ట్యాంకులో లీటరుకు దాదాపు 200 గ్రాముల పలుకులు, దాంట్లో సల్ఫ్యూరిక్ యాసిడ్. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 200 కేజీలు పోస్తే అందులో 72 కేజీలు స్ఫటిక జలమే, రాగి 51 కేజీలు. కుళాయిలు, ప్లాస్టిక్ నాబులు, సర్క్యూట్ బోర్డులు దీంట్లోంచే రాగి పూత వేసుకుని వెళ్తాయి. ఇనుప సామాను మాత్రం నేరుగా ముంచం. మీ బ్లేడు మీద ఎక్కినట్టే రాగి కరెంటు లేకుండానే ఎక్కేస్తుంది గానీ అది పట్టుగా ఉండదు, గోటితో గీరితే ఊడొస్తుంది. అందుకని ముందు వేరే పూత వేసి తరవాతే ఇందులోకి దించుతాం. కడిగిన నీళ్లన్నీ ఒక తొట్టిలోకి వెళ్తాయి. అందులో సున్నం కలిపితే రాగి నీలి బురదలా అడుక్కి దిగుతుంది. పైనీళ్లు పరీక్ష చేశాకే వదులుతాం, బురదను ఆరబెట్టి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల వాళ్లకు అప్పగిస్తాం. ఖర్చవుతుంది. కానీ ఈ పని చేస్తూ ఆ ఖర్చు తప్పించుకోవాలని చూసేవాళ్లను నేను క్షమించలేను.

సంచి కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. ఎరువుల చట్టం కింద అమ్మే కాపర్ సల్ఫేటులో రాగి కనీసం 24 శాతం ఉండాలి, లేబుల్ మీద రాస్తారు. మచ్చలేని పలుకులో పాతికన్నర శాతం వస్తుందని పైన లెక్క చూశాం కదా. 24 కంటే బాగా తక్కువ రాసి ఉంటే వేరే ఏదో కలిసిందని. అదే 39, 40 అని కనిపిస్తే అది నీళ్లు తీసిన రకం, పది గ్రాముల లెక్క దానికి చెల్లదు.

పాప ప్రశ్న చాలా బాగుంది. ప్లస్ పెడితే రెండు వేరు వేరు వస్తువులు ఒకచోట ఉన్నాయని, లేదా చర్య జరగబోతోందని అర్థం వస్తుంది. చుక్క పెడితే ఇవి కలిసి ఒకే పలుకు అని. ఆ అయిదు నీళ్లూ ఒకేలా కూర్చోలేదని కూడా చెప్పండి. నాలుగు నీటి అణువులు రాగి చుట్టూ నేరుగా పట్టుకుని ఉంటాయి. అయిదోది రాగిని ముట్టుకోదు, హైడ్రోజన్ బంధాలతో సల్ఫేటు దగ్గర ఆగి ఉంటుంది. మెల్లగా వేడిచేస్తూ పోతే అన్నీ ఒకేసారి పోవు. 63 డిగ్రీల దగ్గర రెండు, 109 దగ్గర ఇంకో రెండు, చివరిది పోవాలంటే 200 డిగ్రీలు కావాలి. అందుకే ల్యాబులో పలుకు ముందు లేత నీలమై, తరవాత పూర్తిగా తెల్లబడుతుంది. వాళ్ల టీచరు ఒప్పుకుంటే ఒక గ్రాము పలుకులు తూచి, వేడిచేశాక మళ్లీ తూచమనండి. 0.64 గ్రాములు మిగలాలి.